కాస్మస్ భార్యకి నీళ్లంటే భయం

“మా ఆవిడకి నీళ్లంటే భయం.”

వ్యాను గ్రాండ్ ఆన్స్ బీచ్ మలుపు తిరగ్గానే కొబ్బరిచెట్ల సందుల్లోంచి సముద్రం ఒక్కసారిగా బయటపడుతుంది. కాస్మస్ ఈ మాట సరిగ్గా అక్కడే అంటాడు. ముందంటే పండదు, తర్వాతంటే ఎవరూ వినరు, అందరూ ఫోటోల హడావిడిలో ఉంటారు. “పుట్టిందేమో గువావ్‌లో, చేపలు పట్టే ఊరు. కాపురమేమో సెయింట్ జార్జెస్‌లో, ఓడలొచ్చే ఊరు. అయినా బకెట్లో నీళ్లు కాస్త కదిలితే చాలు, ఏసుప్రభువా అని కేక పెడుతుంది!” దీవి చూడ్డానికి ఓడ దిగి వచ్చిన టూరిస్టులు పకపకా నవ్వుతారు. నవ్వుకోవడానికేగా అంత దూరం నుంచి వచ్చారు. నవ్వి, వెనక సీటు వైపు తిరిగి చూస్తారు. అక్కడ వెర్లిన్ ఒళ్లో వేడి గిన్నె పెట్టుకుని, పాదాల మధ్య పళ్లేల బుట్ట ఇరికించుకుని కూర్చుని ఉంటుంది. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే బాగుండదు. ఇరవై నాలుగేళ్లుగా ఆ మలుపు దగ్గర నవ్వీ నవ్వీ, ఆ నవ్వు కూడా ఉప్పు, పసుపుల్లాగా వంటలో ఒక దినుసైపోయింది.

వ్యాను పక్కన నీలం రంగుతో రాసి ఉంటుంది: కోట, సొరంగం, సంత, జలపాతం, బీచ్. మధ్యాహ్న భోజనం ఉచితం. ఆ చివరి మాట దగ్గర వెర్లిన్ చూపు ఎప్పుడూ ఆగుతుంది. ఉచితం అంటే ఎవరో ఒకరు ఊరికే చేస్తున్నారని అర్థం. ఓడ వచ్చే రోజు ఆమెకి కోడి కూయకముందే తెల్లవారుతుంది. కొబ్బరి కోరి పాలు తియ్యాలి, చేపలు పొలుసు తీసి నిమ్మరసం పట్టించాలి, సీమపనసకాయలు చెక్కాలి, బన్నులు కాల్చాలి. వ్యాను కోటా సంతా తిరిగొచ్చి ఇంటిముందు హారన్ కొట్టేసరికి గిన్నెలతో సహా గుమ్మంలో సిద్ధంగా ఉండాలి. బీచ్‌లో బాదంచెట్టు కింద వడ్డించాలి, ఎంగిలి పళ్లేలు ఎత్తాలి, ఇంటికొచ్చి మసిగిన్నెలు తోముకోవాలి. ఎప్పుడైనా నడుము పట్టేసిందంటే కాస్మస్ బోలెడు ఆశ్చర్యపోయేవాడు. “ఎలాగూ మనకి వండుకోవాలిగా వెర్లిన్! అందులోనే ఇంకో పన్నెండుమందికి. గరిట తిప్పడం ఒకటేగా?” ఒకసారి ఓడమనిషి ఒకాయన ఈదొచ్చి, తడి తువ్వాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టి థాంక్యూ అని వెళ్లిపోయాడు, బీచ్‌లో పనిమనిషి అనుకుని. “చూశావా, ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చింది నీకు!” అని కాస్మస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అతను చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎప్పుడో తిట్టి పారేసేది.

నిజానికి ఆ భయం ఆమెది కాదు, అతనిది.

వ్యాను మీద రాసిన వాటిలో కోట ఒక్కటే వెర్లిన్ తీరుబడిగా చూసింది. అదీ పెళ్లికి ముందు. కోట గోడ మీద, పాత ఫిరంగి పక్కన కూర్చుని, కింద రేవు చూస్తూ కాస్మస్ ఆమెకి తన రహస్యం చెప్పాడు. చిన్నప్పుడు రేవుగట్టు మీంచి జారి పడవల మధ్య నీళ్లలో పడ్డాడట. పైకి చూస్తే వెలుతురు లేదట, పడవ అడుగే మూతలాగా కనబడిందట. అప్పట్నుంచీ చీలమండ దాటి నీళ్లలో దిగలేదు. “ఎవరికీ చెప్పకేం,” అన్నాడు. అతని అరచేయి చెమటతో తడిసిపోయి ఉంది. గువావ్ కుర్రాళ్లందరూ ఆమె దగ్గర గొప్పలు చెప్పుకున్నవాళ్లే. భయం చెప్పుకున్నవాడు ఇతనొక్కడే. ఆ చెమట చేతినే ఆమె ప్రేమించింది.

పెళ్లయిన కొత్తలో, వ్యాను కొన్న మొదటివారమే, ఓడవాళ్లు అతన్ని నీళ్లలోకి లాగబోయారు. రా కెప్టెన్, నువ్వు రాకపోతే ఎలా, అంటూ. కాస్మస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. దిక్కులు చూశాడు. గౌను అంచు దోపుకుని అప్పుడే మోకాళ్లలోతు దిగిన వెర్లిన్ కనబడింది. “నేనొచ్చేవాణ్ణే. మా ఆవిడకి నీళ్లంటే భయం. ఒంటరిగా వదిలి రాలేను,” అనేశాడు. ఆమె ఒక్కమాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. మెల్లగా వెనక్కి నడిచి ఒడ్డెక్కి అతని పక్కన నిలబడింది. పతిదేవుడి పరువు కోసం కాదు, ఆ చేతి చెమట ఆమెకి గుర్తుంది కాబట్టి. ఒక్కపూట మోద్దామని ఎత్తుకున్న బరువు. తర్వాత దించమని అతను అనలేదు, దించనా అని ఆమె అడగలేదు. అతనికైతే అసలది తనదన్న సంగతే మరుపున పడినట్టుంది.

అబద్ధం ఒకరు ఆడితే సరిపోదు, ఇంకొకరు అందులో బతకాలి. గ్రాండ్ ఆన్స్ ఒడ్డున పూసలమ్మే ఆడవాళ్ల నుంచి టాక్సీవాళ్ల దాకా అందరూ తెలిసినవాళ్లే. కాస్మస్ పెళ్లాం ఈదుతోందని ఒక్కరు చూస్తే ఊరంతా గుప్పుమంటుంది. అందుకని ఆమె దిగడమే మానేసింది. గువావ్‌లో అన్నలతో పందెం కట్టి, లంగరేసిన పడవల కింద నుంచి ఈది అవతల తేలిన పిల్ల! మొదట్లో పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఈదేది. అమ్మ పోయాక ఆ రాకపోకలూ తగ్గిపోయాయి.

పోయిన నెల పై అలమరలో జాజికాయల డబ్బా అందుకోబోతే కుడిచెయ్యి భుజం దాటి లేవలేదు. కొబ్బరి కోరి కోరి కీలు అరిగిందన్నాడు డాక్టరు. వెర్లిన్ ఆ రాత్రంతా ఒకటే ఆలోచించింది. వంట ఎలా అని కాదు. ఈ చెయ్యి ఇంక ఈదలేదేమో అని. ఒక్కసారి, పూర్తిగా పాడైపోకముందు ఒక్కసారి, నీళ్లలో చాపి చూడాలనిపించింది. యాభై ఏళ్ల మనిషికి ఇంత పెద్ద కోరిక పుట్టగలదని ఆమె అనుకోలేదు. పుట్టాక అది పొయ్యి దగ్గరా వదల్లేదు, పక్కమీదా వదల్లేదు.

అత్తగారికి మాత్రం సముద్రస్నానం రోజువారీ మందు. ఊరంతా పిన్ని వరస కలిపి టాంటీ ఇర్మా అని పిలిచే ఆ పెద్దావిడ తెల్లవారుజామునే తన ఈడు ముసలమ్మలతో మెడలోతు నీళ్లలో నిలబడి ఊరి సంగతులన్నీ ఉతికి ఆరేసేది. ఆవిడ ఆరిన గౌనూ తువ్వాలూ పట్టుకుని కోడలు ఇసకలో నిలబడేది. “నీకేమే, నీళ్లంటే భయం కదా, హాయిగా పొడిగా నిలబడు,” అనేది టాంటీ ఇర్మా. ముసలమ్మలు కిచకిచా నవ్వేవాళ్లు. మోకాళ్లు మొరాయించాక ఈ మధ్యే ఆవిడ రావడం తగ్గించింది.

ఈ ఏడు గుడ్ ఫ్రైడే నాడే ఓడ వచ్చింది. “ఇవాళ కూడానా?” అంది వెర్లిన్. “ప్రభువు అర్థం చేసుకుంటాడు. ఓడ కంపెనీ చేసుకోదు,” అన్నాడు కాస్మస్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. శిలువయాత్ర ఊరేగింపు కోసం వాళ్ల కొండదారి మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నం ఇంటికి రావడం కుదరదు. అందుకని పొద్దున్నే కుండా, రాళ్లూ, పుల్లలూ, సామానుతో సహా భార్యని బీచ్‌లో దింపేశాడు. వంట అక్కడే కానివ్వమన్నాడు. ఒక్కదాన్నీ ఇంట్లో ఉండనని టాంటీ ఇర్మా కూడా ఎక్కి కూర్చుంది.

ఒడ్డున నరమానవుడు లేడు. ఎలా ఉంటారు? గుడ్ ఫ్రైడే నాడు మాంసం ముట్టకూడదు, మేకు కొట్టకూడదు, సముద్రంలో దిగకూడదు. దిగితే చేపైపోతారు. ఆ దీవిలో పాలు తాగే పసిబిడ్డకి కూడా తెలిసిన సంగతి ఇది. పూసలవాళ్లు లేరు, బంతాడే పిల్లలు లేరు. ఊరు ఊరంతా గుళ్లో ఉంది.

వెర్లిన్ బాదంచెట్టు కింద మూడు రాళ్లు పేర్చి కుండ ఎక్కించింది. అడుగున సీమపనస ముక్కలు, వాటిమీద ఉప్పుచేప, పైన చామాకులు పరిచి, పసుపు కలిపిన కొబ్బరిపాలు పోసి మూత పెట్టింది. ఇంక దాన్ని కదపకూడదు. పాలన్నీ ఇంకి అడుగున నూనె తేలేదాకా దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. టాంటీ ఇర్మా మడతకుర్చీలో కూర్చుని సంచీలోంచి గాజుగ్లాసు తీసి, నీళ్లుపోసి, అందులో గుడ్డు తెల్లసొన వేసి ఎండలో పెట్టింది. ఇదీ ఆ రోజు ఆనవాయితీయే. సొన ఏ ఆకారంలో లేస్తే ఆ జాతకం.

“ఏమొచ్చింది టాంటీ?”

“ఏమొస్తుంది, ఓడే! అంటే ప్రయాణమట. ఏటా నాకు ఓడే. ఈ కుర్చీ దాటి ఎక్కడికి పోయానే నేను?” అని విసుక్కుని, ఆవిడ కాళ్లు చాపింది. “మోకాళ్లు లాగేస్తున్నాయి. కాస్త నీళ్లదాకా నడిపించు.”

“ఇవాళ గుడ్ ఫ్రైడే టాంటీ!”

“అయితే?”

“చేపైపోతారు కదా.”

ముసలావిడ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించింది. “పిచ్చిమొహమా. నేను పెళ్లయిన దగ్గర్నుంచీ గుడ్ ఫ్రైడే గుడ్ ఫ్రైడేకీ దిగాను. మీ మామ గుడికి పోగానే నేనూ, మా వీధి ఆడంగులం ఇంకో నలుగురం. ఏడాది పొడుగునా ఎప్పుడు దిగినా ఎవడో ఒకడు ఒడ్డున నిలబడి, ఏదీ టీ, ఏదీ నా చొక్కా అని అరుస్తూనే ఉంటాడు. ఈ ఒక్కరోజే చేపైపోతామని భయపడి ఒక్క మగాడూ ఇటు రాడు. అంత మంచిరోజు ఎవరైనా వదులుకుంటారటే?”

“మరి చేప?”

“చేపనేం కాలేదు. అంతకంటే ఘోరం, అత్తనయ్యాను.”

వెర్లిన్‌కి నవ్వాగలేదు. పుల్లలు పట్టుకునే ఇసకలో కూలబడి కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వింది. టాంటీ ఇర్మా పళ్లులేని నోటితో తోడు నవ్వింది. నవ్వు దిగిపోయాక వెర్లిన్‌కి ఒక ముల్లు తగిలింది.

“మరి నాకెప్పుడూ చెప్పలేదేం?”

“చెబితే నువ్వు దిగేదానివి.” ఆవిడ చెట్టు వైపు చూస్తూ అంది. “నువ్వు దిగితే వాడి సంగతి బయటపడేది.”

“మీకు తెలుసా?”

“కన్నదాన్నే నేను. రేవులో పడ్డప్పుడు జుట్టు పట్టి పైకి లాగింది ఎవరనుకున్నావ్? వాడి భయం తీసి నీ నెత్తిన పెట్టి వాడు ఈల వేసుకుంటూ వ్యాను నడుపుతుంటే, పోనీలే, నా కొడుకు నవ్వుతున్నాడు కదా అని ఊరుకున్నాను. ఆ తర్వాత నువ్వు తువ్వాలు పట్టుకుని నిలబడటం నాకూ అలవాటైపోయింది. సుఖానికి అలవాటు పడటం ఎంతసేపే?”

వెర్లిన్‌కి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, ఇన్నేళ్ల తెల్లవారుజాములన్నీ ఒకేసారి మీద పడ్డట్టు. తెలిసీ నవ్వింది. తెలిసీ పొడిగా నిలబడమంది. ఏదో అనబోయింది. ఆవిడ ఎండుపుల్లల్లాంటి కాళ్లు చూసి అనలేకపోయింది, అనలేకపోయినందుకు ఇంకా కోపం వచ్చింది.

“అలాగే ఉండకు,” అంది టాంటీ ఇర్మా. “నీళ్లు ఎలాగూ ఉప్పనే. అందులో ఏడిస్తే ఎవరికీ తెలీదు. నేను అక్కడే ఏడ్చేదాన్ని.” ఆపైన చెయ్యి చాపి, “ఆ తువ్వాలు ఇలా తే. ఇవాళ నేను పట్టుకుంటాను,” అంది.

“మరి మంట?”

“కుర్చీలోంచి ఒక పుల్ల తొయ్యలేనటే?”

వెర్లిన్ నడుముకున్న ఏప్రన్ ముడి విప్పింది. గౌనుతోనే నడిచింది. చీలమండలు, మోకాళ్లు, నడుము. నడుం దగ్గర ఆగిపోయింది. ఇన్నాళ్లూ భయం భయం అని అందరూ అన్నారు కదా, తీరా చూస్తే తనకి నిజంగానే పట్టుకుందేమో అనుకుంది ఒక్కక్షణం. కళ్లు మూసుకుని ముందుకి వాలింది. కుడిచెయ్యి ఎత్తబోతే భుజంలో కలుక్కుమంది. ఇంకోసారి మెల్లగా చాపింది. గాలిలో లేవని చెయ్యి నీళ్లలో లేచింది. నీళ్లే దాన్ని మోశాయి. తనని ఎవరైనా మోసి ఎన్నేళ్లయిందో ఆమెకి గుర్తు రాలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. అత్తగారు చెప్పినట్టే, ఎవరికీ తెలీలేదు.

బాగా లోపలికి ఈదాక వెల్లకిలా తిరిగి తేలింది. దూరంగా ఊరు కనబడుతోంది. రేవు, రేవులో తెల్లటి ఓడ, కొండమీద కోట, గుడి గోపురం, మెట్లు మెట్లుగా ఎర్రకప్పులు. ఊరు ఇంత బాగుంటుందా! కాస్మస్ రోజూ అందరికీ చూపించేది ఇదన్నమాట. ఆ కప్పుల్లో ఒకటి తన వంటిల్లు. ఇంతదూరం నుంచి చూస్తే అది అగ్గిపెట్టంత కూడా లేదు. అందులో ఇంత జీవితం ఎలా పట్టిందా అనుకుంది.

ఎంతసేపయిందో తెలియదు. రెండుసార్లు హారన్ మోగింది. కాస్మస్ అలవాటు అది, పళ్లేలు సర్దమని గుర్తు. ఆమె ప్రమేయం లేకుండానే కాళ్లు ఒడ్డువైపు తిరిగాయి. నడుంలోతులోకి వచ్చేశాక ఆమెకి తెలిసింది. అక్కడే ఆగి, నిలబడింది.

ఓడవాళ్లు ఇసకలోకి దిగారు. కాస్మస్ ముందు కుండవైపు చూశాడు, తర్వాత తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లివైపు, ఆ తర్వాత సముద్రం వైపు. పరుగున వచ్చి అల తడిపే చోటికి రెండడుగుల ఇవతలే ఆగిపోయాడు. ఎప్పుడూ ఆగేది అక్కడే.

“వెర్లిన్! ఏంటిది? ఇవాళ గుడ్ ఫ్రైడే!”

“చేపనైతే వండేయ్.”

గుంపులో ఎర్రటోపీ పెట్టుకున్న పెద్దావిడ ముచ్చటపడిపోయి చప్పట్లు కొట్టింది. “ఎంత బాగా ఈదొచ్చారో! అదేంటి కాస్మస్, మీ ఆవిడకి నీళ్లంటే భయమన్నారు?”

పన్నెండుమందీ అతని వైపు చూశారు. అతను వెర్లిన్ వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి కొత్తది కాదు. నవ్వు, నవ్వెయ్యి, ఎప్పట్లాగే దీన్ని నీమీద వేసుకో, అంటోంది ఆ చూపు. ఒక్క చిన్న పని చేస్తే చాలు. కెవ్వుమని అరిచి, పందెం కోసం దిగానని చెప్పి, నవ్వుతూ ఒడ్డెక్కితే చాలు, అంతా మామూలైపోతుంది. ఆమెకి అతనంటే ఇప్పటికీ ప్రేమే. కోట గోడ మీది ఆ కుర్రాడు ఆ మొహంలో ఇంకా అక్కడే ఉన్నాడు. అతని కోసమే ఆమె ఈసారి నవ్వలేదు. తన కోసం కూడా.

ఓడవాళ్లకి అందకుండా ఊరి యాసలో గబగబా చెప్పేసింది. “కాస్మస్, నీ భయం నీకిచ్చేస్తున్నాను. నా దగ్గర చాలాకాలం ఉంది. ఇంక నా భుజం మొయ్యలేదు. నువ్వు దిగుతానంటే చెయ్యి పట్టుకుంటాను. దిగకపోయినా నిన్ను చూసి నవ్వను, ఒట్టు. నేను మాత్రం ఈదుతాను. ఇవాళా, రేపూ, అందరూ చూస్తుండగా.”

“ఏమంటున్నారావిడ?” అంది ఎర్రటోపీ ఆవిడ.

టాంటీ ఇర్మా మెల్లగా కుర్చీలోంచి లేచి, కుండ మూత తీసి చూసి, వడ్డించే గరిట తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. అతను దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒక పెద్ద అల వచ్చి బూట్లు తడిపింది. ఉలిక్కిపడి నాలుగడుగులు వెనక్కి వేశాడు. అందరూ చూశారు. చూశారని అతనికీ తెలుసు. తన టోపీ తీసేశాడు.

“నాకు నీళ్లంటే భయమని చెబుతోంది,” అన్నాడు కాస్మస్. “నిజమే చెబుతోంది.”

ఎవరూ నవ్వలేదు. ఆ మాట విన్నాక వెర్లిన్‌కి వెంటనే ఒడ్డెక్కి ఆ చెమట చెయ్యి పట్టుకోవాలనిపించింది. ఎక్కలేదు. ఇంకాసేపు ఈదింది.